జవాబు పిల్లే చెప్పాలట

మా పుట్టింట్లో ఒకరిని అడిగిన ప్రశ్నకు ఇంకొకరు జవాబు చెప్తారు. ఇది చెడ్డ అలవాటని నేను ఎన్నోసార్లు వాదించాను. నేను వాదిస్తుంటే, "దానికి కోపమొచ్చింది, మంచినీళ్ళియ్యండ్రి" అని నా తరఫున కూడా మా అమ్మే మాట్లాడుతుంది. డాక్టరు మా తమ్ముడిని నొప్పి ఎక్కడని అడిగితే అమ్మ చెప్తుంది. అమ్మను అడిగితే మా మరదలు చెప్తుంది. మరదలిని అడిగితే, పాల కోసం వచ్చి గడపలో నిలబడ్డ మనిషైనా సరే, చెప్పడానికి సిద్ధంగా ఉంటాడు. ఇందులో దౌర్జన్యం ఏమీ లేదు. ప్రశ్న గాలిలో వేలాడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోవడం మా వాళ్ళ జబ్బు, అంతే. పొయ్యి మీద పాలు పొంగుతుంటే గిన్నె ఎవరిదని ఆలోచిస్తామా? దగ్గరున్నవాళ్ళు ఊదుతారు.

ఇల్లు శాలిబండలో. ముందు పాలూ పెరుగూ అమ్మే దుకాణం, వెనక బర్రెల కొట్టం, మధ్యలోనూ పైనా మనుషులు. నేను పెళ్ళయి ఉప్పుగూడకు వచ్చి చాలా కాలమైంది. అక్కడే ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను. అయినా ఆదివారం షేర్ ఆటో ఎక్కి పుట్టింటికి వెళ్ళి ఏదో ఒకదాని మీద పోట్లాడి వస్తేగాని నాకు వారం ముగిసినట్టుండదు.

తమ్ముడికి ఒక్కతే కూతురు. ఫుడ్ టెక్నాలజీ చదువుతోంది. వాళ్ళ కాలేజీకి ఫిన్లాండ్‌లో ఒక యూనివర్సిటీతో ఒప్పందం ఉంది. ఎంపికైన పిల్లలు ఒక సెమిస్టర్ అక్కడ చదివి, తిరిగి వచ్చి ఇక్కడే డిగ్రీ పూర్తి చేస్తారు. ఆ ఎంపికలో మా పిల్ల ఉంది. విన్న రోజు నేను బడిలో పిల్లలందరికీ చాక్లెట్లు పంచాను. తమ్ముడు దుకాణంలో పాలతో పాటు ఆ కబురు కూడా కొలిచి పోశాడు.

"మా బిడ్డ ఫిన్లాండ్ పోతుంది అన్నా."

"అదెక్కడుంది భాయ్?"

"ఏడనో పైకుంటదట. మస్తు చలి. పాలు ఫ్రిజ్‌ల పెట్టే పనే లేదు."

అంతా బాగానే ఉంది గానీ, అక్కడ హాస్టల్ గదులు చాలలేదు. ఆ ఊళ్ళో పెద్ద వయసు దంపతులు ఒకరు తమ ఇంట్లో ఓ గది ఇస్తామన్నారు. అయితే ముందు ఒకసారి వీడియోలో అమ్మాయితోనూ ఇంటివాళ్ళతోనూ మాట్లాడతామన్నారు. వాళ్ళు సరే అంటే మా పిల్ల వెళ్తుంది. కాదంటే ఇంకో గది లేదు, ఆ సీటు వేరే అమ్మాయికి పోతుంది. ఈ వ్యవహారం చూసే కాలేజీ మేడమ్ ఇంత స్పష్టంగా చెప్పింది.

"ఇంట్ల పెట్టుకునేటోళ్ళు పిల్లను చూడకుంట ఎట్ల పెట్టుకుంటరు? న్యాయమే," అంది మా అమ్మ.

ఆ మాటతో ఇంట్లో పనులు వాటంతట అవే మొదలయ్యాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నేను ఆదివారం సాయంత్రం వెళ్ళేసరికి పిల్ల పట్టుచీరలో ఉంది. జడలో మల్లెపూలు, చేతినిండా గాజులు. ముందుగదిలో స్టూలు మీద కొత్త దుప్పటి పరిచి, దాని మీద లాప్‌టాప్ పెట్టారు. లాప్‌టాప్ ముందు ఒక ప్లేటులో లడ్డూలు, ఒక ప్లేటులో మిక్చరు.

"ఇవెవరు తింటరే?" అని మరదలిని అడిగాను.

"తినకుంటే మానె వదినా. వచ్చినోళ్ళ ముంగట ఖాళీ స్టూలు పెడితే బాగుంటదా?"

"ఎవరొచ్చిండ్రు ఇక్కడికి? అది చదువుకోను పోతుంది, కాపురం జెయ్యను కాదు. ఆ చీర ఇప్పుండ్రి ముందు."

"నీకు ఎడ్డెమంటే తెడ్డెమనుడే పని," అంది అమ్మ. "ఆడపిల్ల ఇంకోళ్ళింట్ల ఉండాలంటే ఆ ఇంటోళ్ళు ఏం జూస్తరో నాకు తెల్వదా? నేను గూడ గిట్ల కూసున్న. నువ్వు గూడ గిట్లనే కూసున్నవ్."

పిల్ల నా చెవిలో అంది, "సల్వార్ ఏసుకుంటనంటే నానమ్మ చాయ్ తాగనని కూసుంది అత్తమ్మా. నువ్వు లొల్లి పెట్టకు. అయిపోని."

అమ్మను ఎన్ని మాటలైనా అనగలను గానీ, ఒక్క సంగతి ఒప్పుకోవాలి. మా ఇంటినుంచి ఆడపిల్ల బయటికి వెళ్ళి ఇంకొకరి కప్పు కింద ఉన్నదంటే ఇంతవరకూ అది పెళ్ళితోనే. హాస్టల్‌లో ఉన్నవాళ్ళు లేరు, వేరే ఊళ్ళో ఉద్యోగం చేసినవాళ్ళు లేరు. నేను ఎం.ఏ. చేసింది కూడా ఇంటి గడపలోంచి బస్సెక్కి, మళ్ళీ అదే గడపలో దిగి. కొత్త పని ఎదురైతే చేతికి అందిన పద్ధతినే కదా ఎవరైనా వాడేది. వాళ్ళకు తెలిసిన పద్ధతుల్లో అన్నిటికంటే మర్యాదైనదాన్నే బయటికి తీశారు.

మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి పిన్ని కూడా వచ్చింది. లక్కగాజులకు రాళ్ళు అతికే పని చేస్తుంది. నేను గౌను వేసుకునే రోజులనుంచీ మా గోడ అవతలే ఉంది. చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది.

తెర మీద వాళ్ళిద్దరూ కనిపించారు. ఒక వంటగది, కిటికీ, రెండు కప్పుల కాఫీ. ఆయన తెల్లగడ్డం, ఆమె పొట్టిజుట్టు. మా స్టూలు మీది లడ్డూలను చూసి ఆమె నవ్వింది. ఇంగ్లీషు మెల్లగా, ఒక్కో మాటా ఏరి పెట్టినట్టు మాట్లాడుతున్నారు. ప్రశ్న అడిగి ఆగుతారు. ఆగడమంటే అలా ఇలా కాదు. జవాబు వచ్చేదాకా కదలకుండా, ఏ తొందరా లేకుండా కూర్చుంటారు. మా వాళ్ళకు ఆ నిశ్శబ్దం ప్రాణాంతకం.

"నీకు ఏం చేయడం ఇష్టం?" అని ఆమె అడిగింది. పిల్ల పెదవులు కదిలే లోపల తమ్ముడు అందుకున్నాడు.

"కుకింగ్ మేడమ్! ఆల్ ఐటమ్స్!"

ఆ పిల్లకు చాయ్, ఆమ్లెట్ తప్ప ఏదీ రాదు.

"ఏం తింటావు?"

"ఏది పెడితే గది తింటది, ఇది గావాలె అది గావాలె అనదని చెప్పురా," అంది అమ్మ. తమ్ముడు చెప్పాడు.

"పొద్దున తొందరగా లేస్తావా?"

"ఫోర్ ఓ క్లాక్!" అని మరదలు. నాలుగింటికి లేచేది మరదలు, బర్రెలు. పిల్లను దుప్పటి లాగి లేపాలి.

అప్పుడు తెర మీదికి ఒక కుక్క వచ్చింది. దూడంత ఉంది. మూతి టేబుల్ మీద పెట్టి మమ్మల్ని చూసింది. పిల్ల ఒళ్ళు బిగుసుకుపోవడం పక్కనుంచి నాకు కనబడింది. చిన్నప్పుడు మా గల్లీలో కుక్క వెంటపడ్డప్పటినుంచీ దానికి ఆ భయం పోలేదు. "కుక్కలంటే నీకు ఇబ్బందా?" అని ఆయన అడిగాడు.

"నో నో, లైకింగ్!" అన్నాడు తమ్ముడు.

"అరే, బచ్చీ కు బోల్నే దేవ్ నా!" అంది ఖాలా. పిల్లను మాట్లాడనివ్వండని. "నువ్వు ఊకో ఖాలా," అని అమ్మ.

నేను తమ్ముడి చొక్కా వెనకనుంచి లాగాను. వాడు ఇంకా ముందుకు జరిగాడు.

ఆఖరికి ఆమె కాఫీ కప్పు పక్కకు పెట్టి, నేరుగా పిల్లనే చూస్తూ అడిగింది, "నీకు ఇక్కడికి రావాలని ఉందా?"

గదిలో మొదటిసారి అందరూ ఆగారు. ఎందుకంటే ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు ఎలా ఉండాలో అందరికీ తెలుసు. పిల్ల తలొంచుకోవాలి. అదే అవునని. నోరు తెరిచి ఇష్టమే అంటే, ఎంత తొందర చూడమ్మా అని రెండిళ్ళవాళ్ళూ నవ్వుతారు. ఇది మా పిల్లకు ఎవరూ నేర్పలేదు, చిన్నప్పటినుంచీ ఎందరి పెళ్ళిచూపుల్లోనో చూసింది. ఆ చీర, ఆ పూలు, చుట్టూ అందరూ. తల దానంతట అదే వంగింది. కొంచెం నవ్వింది కూడా. 

"సిగ్గు," అంది అమ్మ, గర్వంగా.

"షై, సార్," అన్నాడు తమ్ముడు. "ఎస్ అన్నట్టే."

వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ధన్యవాదాలు చెప్పి తెర మూసేశారు. మా ఇంట్లో పండగే. "ఖాయమే, ఆమె మొఖం చూస్తే తెలుస్తలేదా," అని మరదలు అదే ప్లేట్లోంచి లడ్డూ తీసి మేనకోడలి నోట్లో పెట్టబోయింది... కాదు, తన కూతురే, నాకు మేనకోడలు. రాసేటప్పుడు కూడా ఆ పిల్లను నాదనే అనుకుంటాను.

తరవాతి ఆదివారం నేను అక్కడున్నప్పుడే కాలేజీ మేడమ్ ఫోన్ చేసింది. తమ్ముడు స్పీకర్‌లో పెట్టాడు. ఆ దంపతులకు మా ఇల్లు నచ్చిందట, మా మర్యాద నచ్చిందట. కానీ అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. రావాలని ఉందా అంటే తల దించుకుంది. ఇష్టం లేకుండా పంపుతున్నారేమోనని వాళ్ళకు దిగులుగా ఉంది, అలాంటి అమ్మాయిని తమ ఇంట్లో ఉంచుకోలేమన్నారు. ఇంకొక్కసారి ఆమెతో మాట్లాడతారు. ఒంటరిగా. గదిలో ఎవరూ ఉండకూడదు. జవాబు అమ్మాయే చెప్పాలి.

తమ్ముడి ముఖం నల్లబడింది.

"మా బిడ్డను మేం బలవంతంగ పంపుతున్నమా? ఎంత మాట! వద్దు, పోనే వద్దు. వాళ్ళిస్తమన్న అర్ర వాళ్ళకే ఉండని."

"ఒక్కదానితోని ఏం మాట్లాడుతరంట?" అంది మరదలు. "మనం వినరానిది ఏముంటది?"

"వినరానిదని కాదు. మీరుంటే అది నోరు తెరుస్తదా?" అన్నాను నేను.

"అంటే మేం దాని నోరు కుట్టినమా అక్కా?"

"కుట్టలే. మీ అందరి నోర్లే తెరిచి పెట్టిండ్రు. దానిది పెట్టను జాగ యాడున్నది?"

"సరే. నువ్వు చదువుకున్నదానివి. మేమే తెల్వనోళ్ళం." వాడు కోపంగా అన్నాడు గానీ, ఆ కోపం లోపల వాడికి దెబ్బ తగిలింది. వీధి వీధికీ చెప్పుకున్న సంతోషాన్ని ఎవరో దౌర్జన్యం అన్నారు. వాడి మీద నాకు జాలేసింది. అది కనపడకుండా ఉండాలని ఇంకాస్త గట్టిగా అరిచాను.

వాడు మెట్ల మీద కూర్చున్న పిల్ల వైపు తిరిగాడు. "ఏందే? నీకు ఇష్టం లేదా?"

"ఎందుకుండదు రా, మస్తు ఇష్టం దానికి," అంది అమ్మ.

"అమ్మా! నిన్నడిగిండా వాడు?"

నా గొంతు కొట్టందాకా వెళ్ళి ఉంటుంది. అమ్మ నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అప్పుడు వచ్చింది పిల్ల మాట.

"నాకు తెల్వదు డాడీ."

మరదలికి కళ్ళనీళ్ళు వచ్చేశాయి. "ఇష్టం లేకుంటే ముందే చెప్పాలె గదనే!"

"లేదంటలేనమ్మా. ఉన్నదనేటందుకు గూడ నాకు సందు దొరకలే. కాలేజీల పేరొచ్చిన రోజు ఇంటికొచ్చి చెప్పిన. చెప్పంగనే మీరందరు అవునన్నరు. నేననే లోపలనే అయిపోయింది." మెట్టు మీద గోటితో గీస్తూ అంది, "పోవాలనుంది. భయం గూడ ఉంది. ఒకటే చెప్పమంటే రెండోది అబద్ధమైతది."

ఆ క్షణాన నా దగ్గర ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంది. ఆడపిల్ల, అవకాశం, ధైర్యం, అన్నీ వరసగా ఉన్నాయి. ఆ గదిలో ఆ పిల్ల వెళ్ళాలని అందరికంటే ఎక్కువ కోరుకున్నది నేనే. నోరు తెరిచి ఉంటే దానికి బదులు నేను ఒప్పేసుకునేదాన్ని. గుటక వేసి ఊరుకున్నాను. ఎంత కష్టమో ఆ పని, అలవాటు లేనివాళ్ళకు.

"మాట్లాడని," అన్నాడు తమ్ముడు చివరికి.

మాట్లాడాలంటే ఒంటరిగా కూర్చోవాలి. ఎక్కడ? మా ఇంట్లో గదులకు తలుపులకంటే తెరలెక్కువ. పైగది తలుపు వానకు ఉబ్బి మూతపడదు, పైగా అది అమ్మ గది. కొట్టంలో ఫోను పనిచేయదు. మా ఉప్పుగూడ ఇంటికి తీసుకెళ్తానంటే, రైలు కూత ఒకవైపు, మా ఆయన టీవీ ఒకవైపు. తన ఇంట్లో కూర్చోమని ఖాలా అంది గానీ, అక్కడ గాజుల పని చేసేవాళ్ళు పొద్దంతా ఉంటారు. తీరా ఆ రోజు వచ్చాక తమ్ముడు లేచి తాళంచెవి తీశాడు.

"దుకాణంల కూసొమ్మను. షట్టర్ ఏస్తా."

సాయంత్రం పాల వేళ. ఆ వేళ మా దుకాణం మూసిందంటే ఇంట్లో ఎవరో పోయినట్టే లెక్క. మా నాన్న పోయినప్పుడు మూశారు, అంతే. పిల్ల పాల క్యాన్ల మధ్య స్టూలేసుకుని లాప్‌టాప్‌తో కూర్చుంది. ఈసారి మామూలు కుర్తా. తమ్ముడు షట్టర్ కిందికి లాగి, దాని ముందు అరుగు మీద కూర్చున్నాడు. పక్కన నేను, అమ్మ. కాసేపటికే గిన్నెలు, బాటిళ్ళు పట్టుకుని జనం వచ్చారు.

ముందొచ్చినతను మూసిన షట్టర్ చూసి గొంతు తగ్గించాడు. "ఏమైందన్నా? అమ్మ మంచిగున్నదా?"

"నేనీడనే ఉన్న గదరా, కండ్లు గానొస్తలేవా!" అంది అమ్మ.

"మరి బంద్ ఏంది?"

"లోపల బిడ్డ మాట్లాడుతుంది," అన్నాడు తమ్ముడు. "జర ఆగుండ్రి. తొందరుంటే వేరే దుకాణం చూసుకోండ్రి."

ఆ రెండో మాట వాడి నోట నేనెప్పుడూ వినలేదు. ఎవరూ వేరే దుకాణానికి పోలేదు. లోపల ఏముందో తెలుసుకోకుండా ఎట్లా పోతారు?

అమ్మ మెల్లగా జరిగి షట్టర్‌కు చెవి ఆనించింది. చెయ్యి పట్టి లాగాను. "ఒక్క ముచ్చట వినవడితే నా పానం నిమ్మలమైతది," అంది. "వినవడదమ్మా. ఫ్రిజ్ మోతే," అన్నాను. అంటే నేనూ విని చూశానని వాళ్ళకు తెలిసిపోయింది.

షట్టర్ లోపలనుంచి తట్టింది పిల్ల. తమ్ముడు ఎత్తాడు. గిన్నెలవాళ్ళందరి ముందూ మరదలు అడిగేసింది, "ఏం చెప్పినవే?"

"వంట రాదని చెప్పిన. పొద్దుగాల లేవనని చెప్పిన. కుక్కలంటే భయమని చెప్పిన."

"మొత్తం ఇజ్జత్ తీసినవ్," అన్నాడు తమ్ముడు.

"ఒక్కదాన్నే అర్రల ఎన్నడు పండుకోలే, నానమ్మ పక్కల్నే పండుకుంటనని గూడ చెప్పిన."

అమ్మ ముఖం తిప్పుకుంది.

"వాళ్ళేమన్నరు?" అని నేను.

"మస్తుసేపు ఏమనలే అత్తమ్మా. నేను గూడ ఏమనలే. మంచిగనే అనిపించింది. కుక్క ముసలిదట, మెట్లెక్కలేదట. నా అర్ర పైన. రావాలనుంటే రమ్మన్నరు."

"వస్తనన్నవా?"

"రేపు చెప్తనన్న."

"రేపా?" అని ఇంటిల్లిపాదీ, సగం గల్లీ, ఒక్కసారే అరిచారు.

"ఎవ్వరు ఏమనొద్దు దాన్ని," అన్నాడు తమ్ముడు పాలు పోస్తూ. "ఎవ్వరు."

మర్నాడు బడినుంచి నేరుగా శాలిబండ వెళ్ళాను. రోజంతా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదట. మరదలు నోరు కట్టుకోలేక కొట్టం రెండోసారి కడిగిందట. సాయంత్రం పిల్ల ముందుగదిలో లాప్‌టాప్ తెరిచి, "అందరు రాండ్రి. కాని నోళ్ళు మూసుకుని," అంది. అందరం గోడ వారగా కూర్చున్నాం, బడిలో పిల్లల్లా.

"నేను వస్తాను," అని ఇంగ్లీషులో చెప్పింది. ఈసారి తల ఎత్తే ఉంది. "భయం ఉంది. అయినా రావాలని ఉంది." మరదలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు నేల చూశాడు. నా సంగతి నేను చెప్పను.

తెర మీది ఆమె సంతోషమని చెప్పింది. తరవాత మా వైపు చూసి, పిల్లతో ఏదో అంది. పిల్ల వెనక్కి తిరిగింది.

"నానమ్మా, నిన్ను అడుగుతుంది. నన్ను పంపుడు నీకు ఇష్టమేనా అని."

"వెరీ హ్యాపీ మే..." అని మొదలుపెట్టి తమ్ముడు తనంతట తానే ఆగిపోయాడు.

అమ్మ తెర వంక చూసింది. చాలాసేపు. వాళ్ళు కదలకుండా కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం.

"మీ ఇంట్ల అది మంచిగనే ఉంటదని నాకు ఎరుకయింది తల్లీ," అంది అమ్మ. "కాని అడిగినవ్ గాబట్టి చెప్తున్న. నాకు పంపబుద్ధి అయితలేదు. అది పక్కల లేకుంటే నాకు నిద్ర రాదు. పోతనన్నది, పోనియ్యి. నేను వద్దనను. ఇష్టమని మాత్రం అనను."

పిల్ల కళ్ళు నిండాయి. నేనైతే ఆ మాటను కాస్త మెత్తబరిచి చెప్పేదాన్ని. అది ఒక్కో వాక్యం, ఉన్నదున్నట్టు, ఇంగ్లీషులో చెప్పింది. అవతల ఆమె ఓదార్చలేదు, నవ్వలేదు. తల ఊపి, ఒక్క మాట అంది.

"నిజం చెప్పినందుకు సంతోషమంటుంది నానమ్మా."

"చెప్పకేం జేస్త," అంది అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "నన్నే అడిగె గదా."